తూకానికి పోతున్న డాక్టర్ల ఉత్తరాలు

పోయిన వేసవిలో నారాయణగూడలో ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. ఒకప్పుడు పేరున్న డాక్టరుగారి ఇల్లు. డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. టేకు గుమ్మాలకు, ఫ్యాన్లకు ధర కట్టారు. అటక మీది ట్రంకుపెట్టె మాత్రం మూతైనా తీయకుండా పాత పేపర్ల కాటా దగ్గరికి చేరింది. తీసి చూస్తే పురికొసతో కట్టిన ఇన్‌లాండ్ లెటర్ల కట్టలు. ఒకటి పాలమూరు వైపు నుంచి ఓ రోగి కొడుకు రాసింది. నాన్నకు దగ్గు తగ్గిందని, ధాన్యం అమ్మగానే ఫీజు బాకీ పంపుతానని. పక్కన ఎర్ర సిరాతో డాక్టరుగారి చేతిరాత: వద్దని రాయాలి.

నగరంలో పాత ఇళ్లు అపార్ట్‌మెంట్లవుతున్న వేగం చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. పెద్ద డాక్టరు పోతే విగ్రహం పెడతాం, వీధికి పేరు పెడతాం. ఆయన ఎవరితో గొడవపడ్డారో, ఏ కేసు చేయి దాటిపోయిన రాత్రి భార్యకు ఏం రాశారో మాత్రం కిలోల లెక్కన అమ్మేస్తాం.

ఉత్తరాలు మిగిలితే ఏం దక్కుతుందో మన ఊరి కథే చెబుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనిక డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశారు. పాఠ్యపుస్తకంలో ఇది ఒక్క లైను. ఉత్తరాల్లో రెండేళ్ల యాతన. 1895లో ఇండియాకు తిరిగొచ్చినప్పటి నుంచి లండన్‌లోని డాక్టరు ప్యాట్రిక్ మాన్సన్‌కు ఆయన రాస్తూనే ఉన్నారు. మత్తుమందు క్లోరోఫాం పరీక్షలతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, మలేరియా క్రిమి అనేదే లేదని వాదిస్తున్న రోజులవి. క్రిమి కనపడ్డాక రాస్ ఓ పద్యం రాసుకుని, భార్య రోసాకు పంపారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది హుసేన్ ఖాన్ పేరు. ఆగస్టు 16న రాస్ ప్రయోగం కోసం దోమలతో కుట్టించుకున్న మలేరియా రోగి ఆయన. దోమకు అణా చొప్పున ఎనిమిది అణాలు ముట్టాయి. రాస్‌కు ప్రతిదీ రాసిపెట్టే అలవాటు లేకపోతే ఆ పేరు కూడా మనకు దక్కేది కాదు.

ఆ కాగితాలు కూడా తేలిగ్గా నిలవలేదు. ఇంటి ఖర్చుల కోసం 1928లో రాస్ వాటిని అమ్మకానికి పెట్టారు. లేడీ హూస్టన్ అనే సంపన్నురాలు 2,000 పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇస్తానంటే వాళ్లు వద్దన్నారు. చివరికి లండన్, గ్లాస్గో వైద్య సంస్థలకు చేరాయి. గురువులాంటి మాన్సన్ మీదే రాస్ 1912లో పరువునష్టం కేసుకు దిగారు. దానికి మూలం కూడా మాన్సన్ రాసిన ఒక ఉత్తరమే. ఇదంతా తెలిశాక ఆ ఇద్దరి మీద నా గౌరవం తగ్గలేదు.

మన ఇళ్లలో అడ్డం పడేది ఇంటి గుట్టు. ఫలానా వాళ్ల అమ్మాయికి క్షయ అని, ఫలానా ఆయనకు మతి తప్పిందని ఆ ఉత్తరాల్లో ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. రోగి సంగతి బయటపెట్టే హక్కు డాక్టరుగారి మనవలకు లేదు. అలాంటివి విడిగా సీలు వేసి, ఎప్పటిదాకా తెరవకూడదో రాసి అప్పగించొచ్చు. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, గడ్డిఅన్నారంలో జాతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. కుటుంబం ఫోన్ చేస్తే మనిషి ఇంటికొచ్చి, పెట్టె చూసి, రసీదు ఇచ్చి తీసుకెళ్లే ఏర్పాటు కావాలి. ఆ వచ్చే మనిషికి ఉర్దూ తప్పకుండా రావాలి. నిజాం కాలంలో ఉస్మానియాలో వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. ఆ తరం డాక్టర్లు స్నేహితులకు ఉర్దూలో రాసుకున్నారు. మనవలకు ఆ లిపి రాదు. చదవలేని కాగితం ఇంట్లో ఎవరికైనా చెత్తలాగే కనిపిస్తుంది.

నారాయణగూడ పెట్టెను ఆ రోజు కాటా మీది నుంచి దించాం. డాక్టరుగారి కోడలు రెండు కట్టలు వేరు చేసి, కవర్లో పెట్టి, 2060 దాకా తెరవొద్దని పైన రాసి సంతకం పెట్టారు. ఉర్దూ ఉత్తరాల కోసం ఆ వీధి చివరి రిటైర్డ్ టీచరుగారు సాయంత్రాలు వస్తున్నారు. ఆయన చదువుతుంటే మనవరాలు తెలుగులో రాసుకుంటోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి.