కలివి కోడికి సంజాయిషీ నోటీసు

నవంబరు వచ్చిందంటే మా వీధిలోని పింఛనుదార్లందరూ తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి బయలుదేరతారు. ఎనభై దాటిన మాస్టారు సైతం మనవడి చేయి పట్టుకుని వెళ్లి, అరిగిపోయిన బొటనవేలిని యంత్రం మీద నాలుగుసార్లు నొక్కి, అది ఒప్పుకున్నాకే ఇంటికొచ్చి కాఫీ తాగుతారు. ఇంత క్రమశిక్షణ గల దేశంలో, కడప జిల్లా లంకమల అడవిలో కాపురముంటున్న ఒక పక్షి మాత్రం ఏళ్ల తరబడి జీవన ధ్రువీకరణ పత్రం ఎగ్గొడుతోంది. పేరు కలివి కోడి. చిరునామా కలివి పొదల నీడ. పని వేళలు రాత్రి మాత్రమే. పొడవు చూస్తే 27 సెంటీమీటర్లు. పొగరు చూస్తే కొలతకు అందేది కాదు.

దీని పాత సర్వీసు రికార్డు తీసి చూశాను. 1848లోనే శాస్త్రలోకంలో పేరు నమోదైంది. జెర్డాన్ అనే దొర పేరు తగిలించి గౌరవించారు కూడా. అంత గౌరవం పొందిన ప్రాణి 1900 తర్వాత సెలవు చీటీ పెట్టకుండా మాయమైంది. పెద్దలు ఓపికపట్టి, ఇక అంతరించినట్టేనని ఫైలు మూశారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో, రెడ్డిపల్లె దగ్గర తాపీగా ప్రత్యక్షమైంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపించి వాకబు చేస్తుంటే, రాత్రిళ్లు దీపం పట్టుకుని అడవిలో తిరిగే స్థానిక వేటగాడొకరు ప్రాణంతోనే పట్టి తెచ్చారు. దుర్భిణులకు ఎనిమిదిన్నర దశాబ్దాలు దొరకనిది ఆయన చేతికి దొరికింది. పరిశోధనా పద్ధతుల పాఠ్యపుస్తకాల్లో ఈ దీపానికి ఒక అధ్యాయం ఎందుకు కేటాయించలేదో నాకు అర్థం కాదు. పట్టుబడిన పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. విచారణకు సహకరించకపోవడం దాని వంశంలోనే ఉంది మరి. అయినా 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ వేశాం. ఉత్తరాల మీదయినా ఊళ్లు తిరిగిందని సంతోషించాం.

జనన ధ్రువీకరణ వ్యవహారం ఇంకా విడ్డూరం. లోకానికి తెలిసిన ఒకే ఒక్క కలివి కోడి గుడ్డు స్కాట్లండులో, అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. 1917లో కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించినది. అది ఎవరి గుడ్డో డీఎన్‌ఏ పరీక్ష చేసి 2013లో తేల్చారు. కాపురం కడపలో, గుడ్డు అబర్డీన్‌లో. మన ఊళ్లలో పిల్లలు విదేశాల్లోనూ, తల్లిదండ్రులు పాతింట్లోనూ ఉండే ఆనవాయితీని ఈ పక్షి మనకంటే ముందే మొదలుపెట్టిందన్నమాట.

మనిషి కంటపడనని భీష్మించిన ప్రాణిని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు వేసిన ఎత్తు ఏమిటంటే, మట్టి. పొదల మధ్య నేలను శుభ్రంగా ఊడ్చి, మెత్తటి మట్టిని ముగ్గుపిండిలా పరచి వెళతారు. తెల్లవారాక వచ్చి, బోర్లా పడుకున్నంత పని చేసి, ఒక్కో గుర్తునూ చదువుతారు. ఇది కుందేలు. ఇది కౌజు. ఇది మేక, మేక ఎక్కడైనా ఉంటుంది. ఇదిగో, మూడు వేళ్లు! అందరూ ఊపిరి బిగబడతారు. స్కేలు తీసి వేలి మందం కొలుస్తారు. తీతువు. మళ్లీ మట్టి చదును చేసి, మరుసటి రాత్రి కోసం ఎదురుచూస్తారు. చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి నేల ఊడ్చారంటే, ఇంట్లోవాళ్లు ఎంత ఆనందపడి ఉంటారో!

ఇక అసలు నేరారోపణకు వస్తాను. తెలుగుగంగ ఎంత గొప్ప పథకం! చెన్నై దాహం తీర్చడానికి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీల చొప్పున కృష్ణా నీళ్లు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. పక్కపక్క పొలాలవాళ్లు బోదె దగ్గర పలుగులు పట్టుకునే దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఆ పథకం కాలువ కోసం 2005లో యంత్రాలు లంకమల పొదల్లోకి దిగాయి. అనుమతి అడగలేదని కొందరు తప్పుపట్టారు. నేను తప్పుపట్టను. పొదలను ఎవరైనా అడుగుతారా? కానీ పరిశోధకులు గగ్గోలు పెట్టారు, వ్యవహారం ఢిల్లీదాకా వెళ్లింది, చివరికి కాలువే దారి మార్చుకుంది. రాష్ట్రాలకు రాష్ట్రాలు సర్దుకున్నచోట, మూడు వేళ్ల పక్షి ఒక్క అడుగు పక్కకు వేయలేదు. వేసిందేమో, మట్టి మీద వేయలేదు.

అంత పట్టుదల దేనికని ఆరా తీస్తే, దానికి అడవి అంటే అడవి చాలదట. దట్టంగా ఉంటే పరుగెత్తడానికి వీలుండదు, ఖాళీగా ఉంటే దాక్కోవడానికి ఉండదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, నడుమ బోడి నేల కావాలట. పెళ్లిచూపుల్లో మగపెళ్లివారు కూడా ఇన్ని షరతులు పెట్టరు. అలాంటి నేలను మన రెవెన్యూ రికార్డులు ఏనాడో ఒక్క మాటలో తేల్చేశాయి: బంజరు. అంటే ఏమీ లేనిచోటు. ఏమీ లేనిచోట ఉన్న పక్షి ఉన్నట్టా, లేనట్టా? తర్కశాస్త్రం తెలిసినవారు చెప్పాలి. ఉపగ్రహ చిత్రాలు చూసినవారేమో, 1991 నుంచి 2000 లోపే ఆ ప్రాంతంలో పొదలు తగ్గి సాగు పెరిగిందని తేల్చారు. ఆకాశం నుంచి అంత స్పష్టంగా కనిపించేది నేల మీద నిలబడినవారికి ఎందుకు కనిపించదో, అది వేరే పరిశోధన.

తమాషా ఏమిటంటే, ఆ 300, 700 లెక్కను ఇంతకాలం కాపాడింది ఏ శాఖా కాదు, మేకలు. మేకలు మితంగా మేస్తే, కట్టెలు మితంగా కొడితే పొదలు ఆ పక్షికి నచ్చినట్టు ఉంటాయి. శ్రుతి మించితే పొదలే ఉండవు. పూర్తిగా ఆపేస్తే పొదలు కలిసిపోతాయి. జీతం, భత్యం లేకుండా పనిచేసే సిబ్బంది అన్నమాట. మన దగ్గర అలాంటివారికి పదోన్నతి ఎప్పుడూ రాలేదు.

2025 ఆగస్టులో చీకట్లో దాని కూత రికార్డయింది. పదిహేనేళ్లకు పైగా నోరు విప్పనిది రెండక్షరాల కూత కూసి, మళ్లీ పొదలోకి వెళ్లిపోయింది. దేశమంతా పక్షి ప్రేమికులు పండుగ చేసుకున్నారు. నా అభ్యంతరం నాకుంది. కూత సరే, వేలిముద్ర ఏదీ?

ఆ మాటే ఒకసారి ఆ పొదల పక్కన మేకలు తోలుకెళుతున్న పెద్దాయనతో అన్నాను. ఆయన కర్రకు గడ్డం ఆనించి, శ్రద్ధగా విన్నాడు.

"అది కనిపిస్తే ఈ పొదల్లోకి నా మేకలను రానిస్తారా, రానివ్వరా సారూ?"

"కనిపిస్తే రానివ్వరు. పక్షికి ఇబ్బంది కదా!"

"కనిపించకపోతే?"

"అప్పుడు ఇది బంజరే కదా తాతా, పొదలెందుకు ఉంచుతారు?"

ఆయన ఏమీ అనలేదు. నాలుకతో టక్కుమనిపిస్తే, మేకలన్నీ ఒకేసారి తలెత్తి చూశాయి.