మూడు మిల్లీమీటర్ల మడి

నేటి యువకులకు వస్తువును శుభ్రంగా ఉంచుకోవడం చేతకాదని పెద్దలు వేసే నింద ఎంత అన్యాయమైనదో బెంగళూరు మారతహళ్లిలోని మా అద్దె ఇంట్లో రెండేళ్లుగా కళ్లారా చూస్తున్నాను. ఆదోని నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి నా దగ్గర ఉంటున్న మా అక్క కొడుకు ప్రతి ఆదివారం ఉదయం, స్నానమైనా చేయకుండా (మడి కాయిల్‌కే గాని తనకు కాదు గదా), భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, తన వేప్‌ను, అదే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్టును విప్పి, అందులో వేడెక్కే తీగచుట్ట అయిన కాయిల్‌ను గంటసేపు శుద్ధి చేస్తాడు. ఆ గంటలో ఇంట్లో ఎవరూ ఫ్యాను వేయరాదు, ఎందుకంటే స్క్రూలు ఆవగింజంత ఉంటాయి.

తయారైన కాయిల్‌ను కొని, పాడైతే పారేసేవాళ్లంటే మావాడికి చిన్నచూపు. అతడిది రీబిల్డబుల్ సంప్రదాయం. కాంతాల్ అనే మిశ్రమలోహపు తీగను 3 మిల్లీమీటర్ల కడ్డీకి ఆరేడు చుట్లు చుట్టి, రెండు కొసలనూ స్క్రూల కింద బిగించి, చుట్ట మధ్యలో దూది దూర్చి, ఆ దూదిని గ్లిజరినూ ప్రొపిలీన్ గ్లైకాలూ కలిసిన ద్రవంతో తడిపితే, మీట నొక్కగానే తీగ వేడెక్కి ఆ ద్రవం పొగలాంటి ఆవిరి అవుతుంది. ద్రవంలో తీపి కోసం కలిపిన సుక్రలోజ్ మాత్రం అంత సులభంగా పోక, మాడి, తీగకు నల్లని పెచ్చులా పట్టుకుంటుంది. మా అక్కకు చెబితే అరిసెల పాకం మాడి గిన్నెకు పట్టినట్టే గదా అంటుంది. అటువంటి గిన్నె నిజంగానే ఎదురైతే మావాడు అందులో నీళ్లు పోసి మూడు రోజులు నానబెడతాడు, నాలుగో రోజు ఆ గిన్నె ఎవరిదని నన్నే అడుగుతాడు.

కాయిల్ దగ్గర ఆ ఉదాసీనత కనిపించదు. ముందు పాత దూదిని పట్టకారుతో లాగేస్తాడు. తరువాత వాటేజి బాగా తగ్గించి, మీటను నొక్కుతూ వదులుతూ ఉత్త తీగను కాలుస్తాడు. దీనికి డ్రై బర్న్ అని పేరు. నల్లని పెచ్చు బూడిదయ్యాక, తీగ చల్లారేవరకు ఓపిగ్గా కూర్చుని, కడిగి, మెత్తని బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, ఓములు సరిపోయాయో లేదో చూసుకుంటాడు. మళ్లీ కాల్చినప్పుడు వెలుగు చుట్ట నడుమ పుట్టి రెండు కొసలకూ సమానంగా పాకాలి. ఒక్క చోటే ముందుగా ఎర్రబడితే అది దోషం, దానికి పింగాణీ మొనల పట్టకారుతో చుట్లను సుతారంగా నొక్కడమే పరిహారం. టైటానియం తీగను మాత్రం ఇలా ఎర్రగా కాల్చరాదట, దాని మీద ఏర్పడే ఆక్సైడు పొడి ఊపిరికి మంచిది కాదట. ఊపిరి క్షేమం గురించి మావాడు ఇంత గంభీరంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ ధైర్యంతో, తీగకు పట్టిన మసి సరే, పట్టకుండా పోయినదంతా ఎక్కడికి పోయిందిరా అని అడిగాను. "గాల్లోకి మామా" అన్నాడు. ఆ గాలి ఏ దారిన బయటికి వచ్చిందని రెట్టించడం పెద్దమనిషి తరహా కాదని ఊరుకున్నాను.

నీళ్ల విషయం కొంత వివరంగా చెప్పాలి. 2024 మార్చిలో బోర్లు ఎండి, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ఆజ్ఞ వేసిన రోజుల్లో, మా వీధి మొత్తం ట్యాంకరు కోసం బిందెలతో నిలబడి ఉండగా, మావాడు క్యాను నీళ్లతో కాయిల్ కడిగాడు. ఇదేమిటంటే, "బోరు నీళ్లు తగిలితే ఉప్పు కడుతుంది మామా" అన్నాడు. అదే బోరు నీళ్లతో పదిహేనేళ్లుగా తలస్నానం చేస్తున్న నా నెత్తిని ఒకసారి తడుముకుని ఒప్పుకున్నాను. ఆజ్ఞలో కార్లనే అన్నారు, కాయిళ్లను అనలేదు.

దూది కథ ఇంకా రమ్యమైనది. ఆదోని పేరు చెప్పగానే పత్తి మార్కెట్టు గుర్తుకు రానివారుండరు. ఆ ఊళ్లో పుట్టి, కార్తీక మాసంలో "ఒక్క వత్తి చెయ్యరా నాయనా" అని తల్లి బతిమాలితే ఆడవాళ్ల పని అని తప్పించుకున్నవాడు, ఇక్కడ జపాను నుంచి వచ్చిన సేంద్రియ దూదిని పొర తీసి, కొసలు కత్తిరించి, మరీ బిగుతైతే ద్రవం పీల్చదనీ, మరీ వదులైతే కారుతుందనీ లెక్కలు వేస్తూ, మా అక్క లక్షవత్తుల నోములో చూపినదానికి ఏమాత్రం తగ్గని నిష్ఠతో వత్తి చేస్తాడు. ఈ సంగతి అక్కకు ఫోనులో చెబితే వాడు వత్తులు చేస్తున్నాడని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏ దీపానికో నేను చెప్పలేదు.

ఇక చట్టం. ఈ-సిగరెట్లను కర్ణాటక 2016లోనే నిషేధించింది. 2019లో కేంద్ర చట్టం వచ్చి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన, ఇలా ఒక్కొక్క తలుపూ మూసింది. అమ్మకం వంటివాటిలో మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని అంది. మొత్తం పరికరమే కానక్కరలేదు, అందులో ఏ భాగాన్ని అమ్మినా అంతే. మా వీధి చివర టీకొట్టులో సిగరెట్టు మాత్రం విడిగా ఒకటి కావాలన్నా దొరుకుతుంది. కొత్తది కొనడానికి దారి లేనప్పుడు ఉన్నదాన్ని ప్రాణంలా కాపాడుకోవడం సహజం కాబట్టి, మావాడిలో ఈ పొదుపునూ శుభ్రతనూ నాటిన ఘనత నాది కాదు, పార్లమెంటుదే.

వాడిని తప్పుపట్టే అర్హత కూడా నాకు లేదు. మా రోజుల్లో హాస్టల్లో మట్టి పళ్లెం గాడిలో నైక్రోమ్ తీగ పరిచిన కరెంటు పొయ్యిని వార్డెన్ కంట పడకుండా మంచం కింద దాచి, దాని మీద గుడ్లు ఉడకబెట్టుకున్నవాణ్ని. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన ఆ నికెల్-క్రోమియం మిశ్రమమే నా పొయ్యిలోనూ ఇస్త్రీపెట్టెలోనూ కాలింది, కాంతాల్ దొరకనప్పుడు మావాడి చుట్టలోనూ కాలుతుంది. మేము తీగ తెగితే రెండు ముక్కలనూ మెలివేసి పని కానిచ్చేవాళ్లం. శుద్ధి అనే ఆలోచన మా తరానికి తట్టలేదు.

తట్టవలసిందే అనిపించింది పోయిన ఆదివారం. మా స్నానాల గదిలోని నీళ్లు కాచే హీటరు రాడ్డుకు బోరు నీళ్ల ఉప్పు వేలు మందాన తెల్లగా పట్టి ఉంది. మేనల్లుడి విద్యను మనసులో ఒకసారి నెమరువేసుకుని, రాడ్డును బకెట్టులోంచి తీసి, తుడిచి, ఆరబెట్టి, కొక్కేనికి వేలాడదీసి, దూరంగా నిలబడి స్విచ్చి వేశాను. నొక్కుతూ వదలాలన్న నియమం స్విచ్చి దాకా చేయి పోయాక గుర్తుకు రాలేదు. కొంతసేపటికి ఉప్పు చిటపటలాడింది, ఆపైన ఢామ్మని చప్పుడైంది, ఇల్లంతా చీకటైపోయింది. గోడ తడుముకుంటూ హాల్లోకి వచ్చేసరికి ఆ చీకట్లో భోజనాల బల్ల దగ్గర నిప్పుకణిక అంత వెలుగు ఒకటి నడుమ పుట్టి రెండు వైపులా పాకుతోంది.

"కరెంటు పోవడం మంచిదైంది మామా" అన్నాడు మావాడు తల ఎత్తకుండా. "ఇప్పుడు చూడు, ఎంత సమానంగా వస్తోందో."