లైసెన్సు సర్వీసుకు వర్జ్యం

డబ్బు ఎగ్గొట్టి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాడి కంప్యూటర్ పొద్దున్నే హాయిగా లేస్తుంది. డబ్బు కట్టినవాడి ఆఫీసులో మాత్రం సర్వర్ మీద లైసెన్సు సర్వీసు అని తెరవెనక నడిచే ఒక ప్రోగ్రాం ఉంటుంది. 'వీళ్ళు కట్టారు' అని సాక్ష్యం చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు. అది లేవదు, అది లేవకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. నిజాయితీపరుణ్ణి ఇంత శ్రద్ధగా సోదా చేసే వ్యవస్థ చెక్‌పోస్టుల్లో కూడా లేదు.

అమలాపురంలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో ఈ వానాకాలమంతా ఇదే గోల. రాత్రి కరెంటు పోతుంది, తెల్లారి వస్తుంది. సర్వర్ లేస్తుంది, సర్వీసు పడుకుంటుంది. తొమ్మిదిన్నరకు ఓనరుగారు వచ్చి స్టార్ట్ నొక్కితే బుద్ధిగా లేస్తుంది. దాంతో ఆయన చేతిలో మహిమ ఉందని తేలిపోయింది. ఆయన ద్రాక్షారామం వెళ్ళిన రోజు అందరికీ సెలవే.

వైద్యం జరగలేదని కాదు. రీస్టార్ట్ చేశారు, యాంటీవైరస్‌ను తిట్టారు. ఓ కుర్రాడు మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. తేదీ వెనక్కి పోయిందేమో, గడియారం తిప్పి గడువు సాగదీస్తున్నారని సర్వీసు అనుమానించిందేమోనని సర్వర్ గడియారాన్ని నడిపే సీఆర్ 2032 బ్యాటరీ కూడా మార్చారు. ఆ అనుమానం నిజంగానే దానికి ఉంటుంది, పాపం. ఏం జరిగిందో కంప్యూటర్ రాసిపెట్టే లాగ్ ఫైలు ఒక్కటే ఎవరూ తెరవలేదు. ఒకరికి రాసింది ఇంకొకరు చదవడం మర్యాద కాదు గదండీ.

చదివుంటే సంగతి చిన్నదే. లైసెన్సును సర్వర్ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌కు, అంటే ఆ కార్డు సొంత గుర్తింపు నంబరుకు, ముడివేశారు. కరెంటు వచ్చాక నెట్‌వర్క్ తేరుకునేలోపే సర్వీసు లేచి, కార్డు కోసం వెతుక్కుంటూ కూర్చుంటోంది. విండోస్ మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లు. ఆలోగా పలకకపోతే 1053 అని ఎర్రర్ నంబరు రాసి వదిలేస్తుంది. 30 సెకన్లు! మా కోనసీమలో 'ఏవండోయ్, ఎప్పుడొచ్చారు, అంతా కులాసాయేనా, ఆయ్' అన్న పలకరింపే ఆ టైములో పూర్తవదు. మరి సర్వీసు పరాయి ఊరిది, కంగారు పడదా?

చివరికి రాజమండ్రి నుంచి వచ్చినాయన సర్వీసును డిలేయ్డ్ స్టార్ట్‌లో పెట్టాడు. అంటే మిగతావన్నీ లేచాక, ఇంకో 120 సెకన్లు ఆగి లేవమని. ఇప్పుడు రోజూ లేస్తోంది.

"వర్జ్యం పోయాకే మొదలెట్టమని నేను మొదట్నుంచీ చెప్తున్నానండీ" అన్నారు అకౌంటెంటుగారు. ప్రస్తుతం ఆయన ప్రింట్లను వరుసలో పెట్టి పంపే సర్వీసు, ప్రింటర్ స్పూలర్‌కు మంచి టైము చూస్తున్నారు.