ఎంసీ గారూ, మా కాలవ సంగతి?

నిన్న సాయంత్రం మా కాలనీ ఉగాది వేడుకల్లో నా చొక్కాకి తగిలించిన బ్యాడ్జి ఇంకా టేబుల్ మీదే ఉంది. దాని మీద ‘ఎం.సి.’ అని రెండే అక్షరాలు. ఆ రెండక్షరాల ధర్మమా అని ఇప్పుడు నా దగ్గర పదకొండు అర్జీలు, ఒక ఇంటి పన్ను రసీదు జిరాక్సు, కూల్‌డ్రింకు సీసాలో పట్టిచ్చిన కుళాయి నీళ్లు ఉన్నాయి. నీళ్ల రంగు కూడా కూల్‌డ్రింకుదే.

నాలుగు రోజుల కిందట కాలనీ సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, “మాస్టారూ, ఈసారి ఎంసీ మీరే, కాదనకూడదు” అన్నాడు. నేను కాదనేలోపు పెట్టేశాడు. ఆయన ఫోన్లన్నీ అంతే.

ఎంసీ అంటే ఏమిటని ఇంట్లో వాకబు చేశాను. “యాంకర్ అని తెలుగులో చెప్పొచ్చుగా” అంది మా ఆవిడ. తర్వాత నన్ను పైనుంచి కింది దాకా చూసి, “యాంకరంటే చమ్కీ చీర కట్టుకుని గట్టిగా చప్పట్లు కొట్టమని అరవాలి. మీవల్ల ఏమవుతుందండీ?” అంది. మా మేనల్లుడైతే “మావయ్యా, ఎంసీ అంటే ర్యాపర్! నువ్వు ర్యాప్ పాడతావా?” అని మంచం మీద పడి దొర్లాడు. ఎదురింటాయన ఎంసీ అనగానే క్వార్టరా, ఫుల్లా అని అడిగాడు. పండగ పూట ఆ ప్రస్తావన వద్దు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, తెలియని గుర్తు కనబడితే విలువ కట్టకుండా వదలను. కూర్చుని ఒక పేజీ రాసుకున్నాను, వేదికెక్కగానే చదువుదామని. అది చదివే యోగం పట్టలేదు కాబట్టి కొంచెం మీరు భరించండి. ఎంసీ అంటే మాస్టర్ ఆఫ్ సెరిమనీస్. పూర్వం ఇంగ్లండు రాజుగారి కొలువులో విదేశీ రాయబారులకు మర్యాదలు చూసే ఉద్యోగానికి దాదాపు ఇదే పేరు. తర్వాత పొడి అక్షరాలు రెండే మిగిలాయి. అమెరికావాళ్లు వాటిని కూడా పలికినట్టే ఇ, ఎమ్, సి, ఇ, ఇ అని అయిదక్షరాలు చేసి, పనిలో పనిగా క్రియ కూడా చేసుకున్నారు. కార్యక్రమాన్ని ‘ఎంసీ చెయ్యడం’ అన్నమాట. బ్రిటన్‌వాళ్లు ఇదే మనిషిని కాంపేర్ అంటారు. అది ఫ్రెంచి మాట. బిడ్డ తండ్రికీ, జ్ఞానస్నానం నాడు ఆ బిడ్డకి పూచీపడిన పెద్దమనిషికీ ఉండే వరస అది. మన వియ్యంకుల్లాగా అనుకోండి. ఇక యాంకర్ అంటే ఇంగ్లీషులో మామూలుగా టీవీలో వార్తలు నడిపేవాళ్లు. బారసాల నుంచి సినిమా ఫంక్షన్ దాకా మైకు పట్టుకున్నవాళ్లందరికీ ఆ పేరు పెట్టింది మనమే. లంగరని అర్థం ఉంది కాబట్టే కాబోలు, కొందరు ఒకసారి మైకు పట్టుకున్నాక కదలరు.

ఇంత రాసుకున్నాను గానీ, ఎంసీకి మన ఊళ్లో ఇంకో అర్థం ఉందన్న సంగతి నాకు తట్టలేదు. నిన్నటి ముఖ్య అతిథి మున్సిపల్ కమిషనర్. ఆఫీసువాళ్లు, అర్జీలు పట్టుకుని తిరిగేవాళ్లు ఆయన్ని పిలిచేది ఎంసీ గారనే.

ఆరింటికి రావలసిన మనిషి ఏడైనా రాలేదు. పంచాంగ శ్రవణం అయిపోయింది, కందాయ ఫలాలు కూడా అయిపోయాయి. కార్యదర్శి నా జేబుకి బ్యాడ్జి గుచ్చి, చేతిలో కార్డ్‌లెస్ మైకు పెట్టి, “ఆయనొచ్చేదాకా లాగండి మాస్టారూ” అని గేటు దగ్గరికి పరుగెత్తాడు.

అప్పుడెక్కాడు మెట్లు ఒక పెద్దాయన. పంచె, చంకలో గొడుగు, పాలిథిన్ కవర్లో చుట్టిన సెల్‌ఫోను. నా ఛాతీ దగ్గరికి వంగి, కళ్లజోడు సర్దుకుని, “ఎం... సి...” అని కూడబలుక్కుని, నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గురించి చెప్పాలి. పెళ్లి కొడుకులు కూడా పాణిగ్రహణంలో అంత గట్టిగా పట్టుకోరు.

“బాబూ, మీ దర్శనం కోసం ఆరు సోమవారాలు తిరిగాను” అని కవరు విప్పి ఫోటోలు చూపించడం మొదలుపెట్టాడు. “ఇది మా వీధి కాలవ. ఇదీ కాలవే, పొద్దున తీసింది. ఇది సాయంత్రం. ఇది మా మనవరాలి పుట్టినరోజు. మనవరాల్ని కాదు బాబూ, కిటికీలోంచి చూడండి, కాలవ.” చూశాను. నిజంగానే కాలవ. కేకు కన్నా స్పష్టంగా ఉంది.

పిల్లలు డాన్సు డ్రెస్సుల్లో చెమటలు కక్కుతున్నారు. చెయ్యి విడిపించుకుందామని మర్యాదగా, “అయ్యా, నేను ఎంసీనే కానీ, ఆ ఎంసీని కాదు” అన్నాను. కుడి చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచాను. ఆ మైకు బ్యాటరీ ఉగాది నుంచి ఉగాదికి మార్చే రకం. “నేను ఎంసీనే” వరకు హాలంతా మోగింది. మిగిలింది మైకు మింగేసింది.

చప్పట్లు. వెనక వరసలో ఎవరో “ఇంత సింపుల్‌గా ఉన్నారే!” అన్నారు. నేను పక్క వీధిలోనే ఉంటాను. పదహారేళ్లుగా వీళ్ల ముందే సంచి పట్టుకుని కూరలకి వెళ్తున్నాను. బ్యాడ్జి ఉంటే మొహం ఎవడు చూస్తాడు?

రెండు నిమిషాల్లో లైను కట్టేశారు. వీధి దీపం, కుక్కలు, కుళాయి. ఒకావిడ ఒడిలోంచి సీసా తీసింది. అందరికీ ఏం చెప్పాలో తోచక “చూస్తాను” అన్నాను. ఆ మాటలో ఎంత సుఖం ఉందో అన్నాక గానీ తెలియలేదు. చేస్తానని కాదు, చెయ్యనని కాదు, అయినా మనిషి దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. నా సంగతే చూడండి. పోయినేడు మా సందు డ్రైనేజీ మీద అర్జీ పెడితే నాలుగో రోజున ఫోన్‌కి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజి వచ్చింది. బయటికెళ్లి చూస్తే సమస్య గడప దాకా వచ్చింది. ఆ వేడిలో నేనూ లైన్లో నిలబడి నాకే ఒక అర్జీ ఇచ్చుకుందామా అనిపించింది.

ఎనిమిదింటికి అసలాయన వచ్చారు. శాలువా కప్పించుకున్నారు, పచ్చడి చప్పరించారు, లేచారు. నేను కాగితాల కట్ట, సీసా పట్టుకుని వెంటబడితే, వెనక వచ్చిన ఉద్యోగి అడ్డం నిలబడి “సోమవారం ఆఫీసుకొచ్చి ఇవ్వండి సార్” అన్నాడు. పెద్దాయన దూరం నుంచి ఇదంతా చూసి, పక్కవాడితో “పాపం, ఈయన్ని బదిలీ చేసినట్టున్నారు” అన్నాడు.

ఇందాక కార్యదర్శి కాలనీ గ్రూపులో మెసేజి పెట్టాడు. టెంటువాడికి, సౌండువాడికి, పులిహోర చేసినవాళ్లకి ధన్యవాదాలు చెప్పాడు. చివర్న, ‘ఓపిగ్గా కార్యక్రమాన్ని నడిపించిన మన ఎంసీ గారికి ప్రత్యేక కృతజ్ఞతలు’ అని రాశాడు. కింద ఫోటో కమిషనర్‌ది.