కూలింగు చార్జీ: ఒక న్యాయ మీమాంస

గ్యాసు పానీయం పొంగి కొనుగోలుదారు సొత్తు పాడైతే, అమ్మిన కొట్టువాడు పరిహారం చెల్లించాలా వద్దా అన్న ప్రశ్నపై మన శ్రీకాకుళంలో ఇంతవరకు తగినంత గంభీరమైన చర్చ జరగకపోవడం విచారకరం. ఏడు రోడ్ల కూడలిలో నిలబడితే ప్రపంచ రాజకీయాలన్నిటికీ పరిష్కారం దొరుకుతుంది కానీ, ఒక పంచె మీద మరకకు బాధ్యులెవరో చెప్పే పెద్దమనిషి దొరకడు.

వ్యాజ్య విషయం ఇది. మా మావయ్యగారు పొందూరు ఖద్దరు పంచె కట్టుకొని, చదివింపుల కవరు జేబులో పెట్టుకొని, ఎండలో పెళ్లికి బయలుదేరి, దారిలో ఒక కొట్టు దగ్గర నారింజ రంగు పానీయం సీసా కొన్నారు. మూత సగం తిరిగిందో లేదో, లోపలి సరుకులో మూడొంతులు పంచె మీదకు, మిగిలినది కవరు మీదకు, సెల్‌ఫోను మీదకు వచ్చేసింది. మావయ్యగారి గొంతులోకి వెళ్లినది ఏమీ లేదు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు; అంత ఓపికగా దువ్విన నూలు మీద ఆ రంగు ఎంత నునుపుగా పరుచుకుందో చూస్తే అద్దకం పనివారు కూడా ముక్కున వేలేసుకుంటారు.

కొట్టు స్వరూపాన్ని కూడా రికార్డులోకి ఎక్కించడం అవసరం. కంపెనీవారు ఇచ్చిన అద్దాల ఫ్రిజ్జులో పాల ప్యాకెట్లు, పెరుగు డబ్బాలు, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు, యజమానిగారి మధ్యాహ్నపు క్యారేజీ కొలువుదీరి ఉన్నాయి. పానీయం సీసాలు మాత్రం పడమటి ఎండ సూటిగా పడే అరుగు మీద క్రేట్లలో తపస్సు చేస్తున్నాయి. బొగ్గుపులుసు వాయువు చల్లని ద్రవంలో బుద్ధిగా ఇమిడి ఉంటుందని, ద్రవం వేడెక్కిన కొద్దీ బయటపడి మూత కింద ఒత్తిడి పెంచుతుందని హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అరుగు మీది క్రేట్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"నానేటి సేత్తాను బాబూ, గేసు నింపినోడు కంపెనీవోడు. నాను అమ్మినానంతే" అన్నారు యజమాని.

"మరి అచ్చేసిన ధర ఇరవై మీద తీసుకున్న రెండు రూపాయలూ కంపెనీవోడికేనా?" అని మావయ్యగారు అడిగారు.

"అది కూలింగుకి బాబూ."

ఈ ఒక్క జవాబుతో వ్యాజ్యం మలుపు తిరిగిందని నా దృఢ విశ్వాసం. ముద్రించిన గరిష్ఠ ధరకు మించి పైసా కూడా తీసుకోరాదని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్న మాట నిజమే అయినా, ఆ రెండు రూపాయలను దోపిడీ అనడానికి నాకు మనసొప్పదు. అది బీమా ప్రీమియం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తయారీ లోపానికి అమ్మకందారును ఊరికే ఇరికించదు. అయితే సరుకును తనిఖీ చేయడంలో, భద్రపరచడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, ప్రమాదం గురించి తయారీదారు చేసిన హెచ్చరికను కొన్నవారికి అందించకపోయినా అమ్మినవాడే బాధ్యుడని 86వ సెక్షన్ అంటుంది. చల్లదనానికి విడిగా రుసుము పుచ్చుకొని, ఆ చల్లదనాన్ని మల్లెపూలకు ధారపోసిన వ్యక్తి భద్రపరచడంలో జాగ్రత్త వహించాడని ఏ న్యాయవాది వాదించగలడో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.

ఇటువంటి వ్యాజ్యాలకు వంశప్రతిష్ఠ లేకపోలేదు. 1928లో స్కాట్లండులోని పైస్లీ పట్టణంలో ఒకావిడ తాగిన అల్లం పానీయం సీసాలో కుళ్లిన నత్త ఉన్నదన్న ఫిర్యాదు అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా కూడా పనిచేసిన లండనులోని ప్రభువుల సభ దాకా వెళ్లి, 1932లో తయారీదారు బాధ్యతకు పునాది వేసింది. ఆ సీసాలో నిజంగా నత్త ఉన్నదో లేదో చివరకు ఏ కోర్టులోనూ రుజువు కానేలేదు. మా పంచె మీది మరకకైతే పెళ్లివారందరూ సాక్షులే.

అయినా చిక్కులున్నాయి. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టమే చెబుతున్నా, ఇరవై రూపాయల సీసాకు బిల్లు అడిగిన మనిషిని మన వైపు జాలిగా చూస్తారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు కొట్టులో దేవుడి పటం పక్కనే వేలాడుతున్నది. బిల్లులో గడువేమీ రాయకపోతే లోపమున్న సరుకును ముప్పై రోజుల్లోగా వాపసు తీసుకోవలసిందే అని చట్టం అంటున్నప్పటికీ, మావయ్యగారు సరుకు వాపసు ఇవ్వాలంటే కౌంటరు మీద పంచె పిండాలి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళదామా అంటే, యాభై లక్షల దాకా విచారించే ఆ పీఠం వ్యాజ్యం విలువను సరుకుకు కట్టిన సొమ్మును బట్టి లెక్కిస్తుంది కనుక, మా వ్యాజ్యం అక్షరాలా ఇరవై రెండు రూపాయలది. ఐదు లక్షల వరకు రుసుము లేదు కాబట్టి నష్టం లేదు. రెండేళ్ల గడువు కూడా ఉన్నది. అన్ని రోజులు పంచెను ఉతకకుండా సాక్ష్యంగా దాచాలన్న నా ప్రతిపాదనను వినిపించుకోకుండా మా అత్తయ్యగారు ఆ రాత్రే దానిని సర్ఫులో నానబెట్టేశారు. చట్టసభల వారు గృహిణులను దృష్టిలో పెట్టుకోకుండా చట్టాలు చేస్తే ఇలాగే జరుగుతుంది.

ఇక యజమానిగారు అక్కడికక్కడే చేసిన రాజీ ప్రతిపాదనను కూడా న్యాయదృష్టితో పరిశీలించాలి. ఆయన ఇంకొక సీసా ఇస్తానన్నారు, ఇరవై రూపాయలు వదులుకున్నారు, కూలింగు రెండు రూపాయలు మాత్రం చేయి చాచి పుచ్చుకున్నారు. ఆ తరువాత అరుగు మీది క్రేటు నుంచే సీసా తీసి, తన పంచెను మోకాళ్ల పైకి ఎగగట్టుకొని, కాలువ వైపు వంగి, చేయి బారుగా చాచి, మూత తానే తీశారు. ప్రమాదం గురించి అమ్మకందారుకు ముందే తెలుసునా అన్న అంశం మీద ఇంతకంటే బలమైన సాక్ష్యం నేను ఎక్కడా చూడలేదు.