కోటు అసలుదే, మరి భుజం మీది బ్యాడ్జి?

పాత సైనిక యూనిఫాంల వ్యాపారంలో మోసం అనగానే చాలామందికి తోచేది కొత్త బట్టతో కుట్టి, మాసిపోయేలా చేసి, పాతదని నమ్మించే కోటు. అలాంటివి ఉన్నాయి. కాస్త అనుభవం ఉన్న సేకర్త చేతికి వస్తే అవి ఎక్కువ కాలం నిలవవు. నిజంగా నష్టపరిచే మోసం ఇంతకంటే నెమ్మదైనది. కోటు రెండో ప్రపంచ యుద్ధం నాటిదే. ఉన్ని అప్పటిదే, గుండీలు అప్పటివే, లోపలి జేబులో లేబులూ అప్పటిదే. యుద్ధమంతా ఏదో గోదాములో సరుకుల లెక్కలు రాసిన సైనికుడొకడు దాన్ని తొడుక్కున్నాడు. ఆయన పోయాక కోటు నాలుగు చేతులు మారింది. ఆ నాలుగు చేతుల్లో ఒకటి దాని భుజం మీద పారాచూట్ దళం బ్యాడ్జి కుట్టింది. అక్కడితో ధర అనేక రెట్లు పెరిగింది.

ఇంత తేలిగ్గా ఎందుకు పెరుగుతుందంటే, ఈ సేకరణలో విలువ కోటు బట్టలో లేదు. ఒకే నమూనా కోట్లు లక్షల్లో తయారయ్యాయి. ఎవరు తొడుక్కున్నారు, ఏ దళంలో, ఎక్కడ పోరాడారు అన్నదానికే ధర. ఆ సంగతి చెప్పేది అరచేతిలో ఇమిడే గుడ్డముక్క, లేదంటే జేబు లోపల సిరాతో రాసిన పేరు. మోసగాడు ముట్టుకోవలసిందల్లా ఆ కాస్త జాగానే. మిగతా కోటంతా నిజమే కాబట్టి అతని తరఫున అదే సాక్ష్యం చెబుతుంది.

అరుదైనది ఏది అన్నది కూడా పైకి కనిపించేంత సూటిగా ఉండదు. జరీ అల్లిన కవాతు దుస్తులు బోలెడు మిగిలాయి, ఎందుకంటే ఇళ్లలో వాటిని మడతపెట్టి పెట్టెల్లో దాచుకున్నారు. యుద్ధభూమిలో తొడుక్కున్న ముతక బట్టలు చిరిగిపోయాయి, ఇంటికి వచ్చినవి పొలం పనులకు వాడారు, చివరికి యంత్రాల నూనె తుడిచే గుడ్డలయ్యాయి. అందుకే సాదాసీదా పోరాట దుస్తులకు మెరిసే దుస్తులకంటే ఎక్కువ పలుకుతుంది. అమెరికా పారాట్రూపర్ల, అంటే పారాచూట్ దళం సైనికుల, 1942 నమూనా జాకెట్టునే తీసుకోండి. 1944 జూన్‌లో ఫ్రాన్సులోని నార్మండీలో దిగిన ఆ సైనికుల ఒంటి మీద ఉన్నది అదే. అదే ఏడాది సెప్టెంబరులో హాలెండులో దిగేనాటికి చాలామందికి 1943 నమూనా దుస్తులు అందాయి. అంటే అది వాడుకలో ఉన్నదే కొద్దికాలం. నార్మండీకి ముందు వీటిలో చాలావాటికి మోచేతుల దగ్గర గట్టి కాన్వాస్ అతుకులు వేశారు. ఆ అతుకుంటే ధర ఇంకో మెట్టు పైకి. అతుకు వేయడానికి పాత కాన్వాస్ ముక్క, ఒక సూది చాలు. కాబట్టి ఆ జాకెట్టు కొనేవారు ముందు అనుమానించవలసింది ధర పెంచుతున్న ఆ అతుకునే.

బ్యాడ్జిని చూడటానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని పట్టపగటి వెలుతురులో, కంటికి భూతద్దం పెట్టుకుని, అంచు కొద్దిగా పైకెత్తి చూడాలి. దశాబ్దాలుగా బ్యాడ్జి అక్కడే ఉంటే దాని కింద బట్ట ఎండ తగలక ముదురు రంగులో ఉంటుంది, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది. కింద కూడా అంతే వెలిసిపోయి ఉంటే అది నిన్నమొన్న వచ్చిన బ్యాడ్జి. గుండ్రటి బ్యాడ్జి చుట్టూ చదరంగా ముదురు నీడ కనిపిస్తే అక్కడ ఒకప్పుడు వేరే బ్యాడ్జి ఉండేది. ఇప్పటి కుట్టుతో సంబంధం లేని పాత సూది రంధ్రాలు వరసగా కనిపించినా అదే అర్థం. ఇక దారం. బట్టకు పట్టిన మురికి, దారానికి పట్టిన మురికి ఒకే వయసువి కావాలి. మాసిన ఉన్ని మీద శుభ్రమైన దారం ఉంటే అది ఎలా వచ్చిందో అమ్మేవాడు చెప్పాలి. యుద్ధకాలంలోనే దర్జీ మళ్లీ కుట్టి ఉండొచ్చు, బ్యాడ్జి మారి ఉండొచ్చు. అందువల్ల ఈ గుర్తుల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పదు. అన్నీ ఒకే కథ చెబుతున్నాయా లేదా అన్నదే చూడాలి.

అతినీలలోహిత దీపం మీద చాలామంది ప్రాణం పెట్టుకుంటారు. తెల్లదనం పెంచే రసాయనాలు యుద్ధం తర్వాతే దారాల్లోకి, బట్టల సబ్బుల్లోకి విరివిగా వచ్చాయి, కాబట్టి ఆ దీపం కింద నీలి తెలుపుగా మెరిసే దారం తర్వాతి కాలానిది అంటారు. సగం నిజమే. నిక్కమైన 1940ల చొక్కాను ఎవరో ఇటీవలి సబ్బు పొడితో ఒక్కసారి ఉతికినా అది కూడా మెరుస్తుంది. మరోవైపు, మెరవని దారం కావాలని వెతికి కొనుక్కునే తెలివి నకిలీ తయారీదారుకూ ఉంది. విడిగా దొరికిన దారం పోగును కాల్చి చూడటం కొంత నయం: ఉన్ని కాలితే జుట్టు కాలిన వాసన, నూలైతే కాగితం కాలిన వాసన, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పాలిస్టర్‌ను కనిపెట్టిందే 1941లో, అది బజారుకు వచ్చింది యుద్ధం ముగిశాక. పాలిస్టర్‌తో కుట్టిన బ్యాడ్జి నార్మండీ చూసి ఉండదు.

ఇవన్నీ వస్తువు మీద పరీక్షలు. వస్తువుకంటే గట్టిగా నిలిచేవి దాని పుట్టుపూర్వోత్తరాలు. 1805లో ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ తొడుక్కున్న కోటుకు ఎడమ భుజం దగ్గర తూటా రంధ్రం ఉంది. రంధ్రం ఎవరైనా చేయగలరు. ఆ కోటును నమ్మించేది అది నడిచి వచ్చిన దారి. నెల్సన్ మరణించాక అది ఆయన ప్రియురాలు లేడీ హామిల్టన్‌కు చేరింది. ఆమె అప్పు కింద లండన్ నగర పెద్దల్లో ఒకరికి ఇచ్చింది. ఆయన భార్య దగ్గర ఉండగా 1845లో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ 150 పౌండ్లకు కొని గ్రీన్‌విచ్ ఆస్పత్రికి ఇచ్చాడు. ఇప్పుడు గ్రీన్‌విచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. మధ్యలో ఎక్కడా దారి తెగలేదు.

సామాన్య సైనికుడి చొక్కాకు అంతటి చరిత్ర ఎవరు రాసిపెడతారు? అయినా కొన్ని ఆనవాళ్లు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు తమ బట్టలు చాకిరేవులో కలిసిపోకుండా ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగు అంకెలు ముద్ర వేసుకునేవారు. ఆ ముద్ర పట్టుకుని మనిషిని వెతకొచ్చు. కానీ 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రం తగలబడి, 1912 నుంచి 1960 దాకా సర్వీసు ముగించిన సైన్యం సిబ్బంది ఫైళ్లలో సుమారు 80 శాతం బూడిదయ్యాయి. 'రికార్డు అగ్నిప్రమాదంలో పోయింది' అన్న మాట నిజమూ కావచ్చు, ఎవరూ సరిచూడలేని కథకు మరుగూ కావచ్చు.

ఇక డీలర్ల సంగతి. వారి నిజాయితీని మనం ఎప్పుడూ అమ్మేటప్పుడే కొలుస్తాం. నా ఉద్దేశంలో అసలు పరీక్ష వారు కొనేటప్పుడు జరుగుతుంది. అమెరికాలో పాత వస్తువులకు విలువ కట్టే ఒక ప్రముఖ టీవీ కార్యక్రమంలో సైనిక వస్తువుల నిపుణులుగా కనిపించిన ఇద్దరు వ్యాపారుల కేసు ఇందుకు ఉదాహరణ. ముందే మాట్లాడుకున్న మనిషిని కెమెరా ముందుకు తెచ్చి నాటకమాడి పేరు సంపాదించారు. ఆ పేరు చూసి అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర పోరాడిన జనరల్ పికెట్ వారసుడు కుటుంబ వస్తువులు వారికి అమ్మాడు. వారు వాటిని దాదాపు పదిరెట్లకు మళ్లీ అమ్ముకున్నారు. ఇంకో కుటుంబం తమ పూర్వీకుడైన కాన్ఫెడరేట్ (ఆ అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల పక్షం) అధికారి యూనిఫాం చూపిస్తే, అది నకిలీ అని, దానధర్మానికి ఇచ్చేశామని చెప్పారు. నిజానికి దాన్ని 45,000 డాలర్లకు అమ్ముకున్నారు. 2001లో వారిపై ఫెడరల్ నేరారోపణలు నమోదయ్యాయి, 2002లో ఒకరికి జైలు శిక్ష పడింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. నకిలీని అసలు అన్నవాడి చేతిలో మోసపోయేది డబ్బున్న సేకర్త. అసలును నకిలీ అన్నవాడి చేతిలో మోసపోయేది తాతగారి పెట్టె తప్ప మరేమీ తెలియని ఇల్లు. విలువ కట్టినవాడే కొనుక్కోవడం ఈ వ్యాపారంలో మామూలై పోయింది. అది ఆగాలి. విలువ చెప్పినవాడు ఆ వస్తువును కొనకూడదని డీలర్ల సంఘాలే నియమం పెట్టుకోవచ్చు. ఆ నియమం కింద సంతకం చేయడానికి వెనకాడేవాడి దగ్గర కొనకపోవడం సేకర్తల చేతిలో ఉంది.

ధరల విషయంలో గోప్యత కూడా వీరికే పనికొస్తుంది. డీలరు ముందు పెట్టిన ధర కోరికే, వస్తువు నిజంగా పలికిన ధర కాదు. వస్తువు అమ్ముడయ్యాక చాలామంది ఆ అంకె తీసేస్తారు. వేలంలో పలికిన ధరలు బయట దొరుకుతాయి, వాటికి వేలం సంస్థ తీసుకునే రుసుము కలుపుకుని చూడాలి. అమ్మేవాడే రాసిచ్చే ప్రామాణికత పత్రానికి విలువేమీ లేదు. బిల్లు మీద కోటు, బ్యాడ్జి, లేబుల్, గుండీలు వేర్వేరుగా రాయించుకోవాలి: ఏది అప్పటిది, ఏది తర్వాత కుట్టింది, ఎవరి దగ్గర కొన్నారు. బ్యాడ్జి తర్వాత వచ్చిందని తనే రాసి, ధర తగ్గించి అమ్మే డీలర్లు ఉన్నారు. వారిని గుర్తుపెట్టుకోవాలి.

మరమ్మతు పేరుతో జరిగేది వేరే నష్టం. 1945 తర్వాత జర్మనీలో బట్టల కరువు వచ్చింది. జనం పాత సైనిక కోట్ల మీది నాజీ గద్ద బొమ్మ బ్యాడ్జిలు పీకేసి, గుండీలు మార్చి పనిబట్టలుగా వాడుకున్నారు. ఆ పీకిన గుర్తులతో ఉన్న కోటుదీ ఒక చరిత్రే, ఓటమి తర్వాతి చరిత్ర. దాని మీద ఎక్కడిదో గద్దను మళ్లీ కుట్టి 'పునరుద్ధరించడం' అంటే ఆ చరిత్రను చెరిపి ధర పెంచుకోవడం. నాజీ యూనిఫాంలకు గిరాకీ ఎక్కువ కాబట్టి నకిలీలూ అక్కడే ఎక్కువ. ఆ చిహ్నాల బహిరంగ ప్రదర్శన జర్మనీలో శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద నేరం. నిషేధాలకు కారణాలు సరైనవే. అయితే వ్యాపారం చాటుకు జరిగేకొద్దీ సరిచూసే కళ్లు తగ్గుతాయి.

సినిమాల కోసం, పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపే బృందాల కోసం నమూనాలు తయారుచేసేవారిలో చాలామంది నిజాయితీపరులు. వారి కోటు కొత్తదనే చెప్పి అమ్ముతారు. రెండుసార్లు చేతులు మారాక, ఎండలో ఆరాక అదే అసలైపోతుంది. అమెరికాలో 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ చట్టం పాత నాణేల నమూనాల మీద 'కాపీ' అన్న ముద్ర తప్పనిసరి చేసింది, రాజకీయ ప్రచార బిళ్లల నమూనాల మీద తయారైన సంవత్సరం ఉండాలంది. యూనిఫాంలను అది పట్టించుకోలేదు. కుట్టిన లేబుల్ ఈ పనికి చాలదు, బ్లేడుతో నిమిషంలో ఊడుతుంది. అస్తరు లోపలి వైపు, భుజం కుట్టు పక్కన, బట్టకే చెరగని సిరాతో తయారీ సంవత్సరం అచ్చువేయాలి. తొడుక్కున్నప్పుడు అది ఎవరికీ కనిపించదు. చెరపాలనుకున్నవాడు అస్తరు విప్పాలి, మళ్లీ కుట్టాలి, ఆ కుట్టు భూతద్దం కింద దొరికిపోతుంది.