వెళ్ళేవాళ్ళని పారిపోయేవాళ్ళు అనకండి

మొన్నటి మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ బహుమతులు అయ్యాక, కొత్తగా డాలస్ ప్రాంతానికి వచ్చిన కుటుంబాలని ఎప్పట్లాగే వేదిక మీదికి పిలిచారు. ఎక్కువమంది కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్ళే. "పన్నుల చెర వదిలించుకుని వచ్చారు, ఇక్కడ అందరూ మనలా ఆలోచించేవాళ్ళే" అన్నారు మైకు పట్టుకున్న పెద్దమనిషి. అక్కడితో ఆగితే బాగుండేది. "కొందరు మాత్రం ఇక్కడి చట్టాలకి భయపడి సియాటిల్ పారిపోతున్నారట, పోనివ్వండి" అని కూడా అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన ఎవరి గురించి అన్నారో ఆ దంపతులు మూడో వరసలోనే కూర్చుని ఉన్నారు.

ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలుస్తుంది. నేను ఇప్పుడు రాసేదంతా తను రాయమంటేనే రాస్తున్నాను. మూడేళ్ళ క్రితం తనకి ఐదో నెలలో ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని డాక్టరే చెప్పింది. కానీ గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి తామేమీ చేయలేమనీ, జ్వరమో రక్తస్రావమో మొదలైతే మళ్ళీ రమ్మనీ ఇంటికి పంపేశారు. వాళ్ళమ్మకి వీసా రాలేదు. రాజమండ్రి నుంచి ఫోన్లో ఏడుస్తూ, "అమ్మా, దాని ఒళ్ళు పట్టి చూడు, కాలుతోందా?" అని నన్నడిగేది. ఆ రాత్రంతా నేను గంటకోసారి థర్మామీటరు పెట్టి చూస్తూ కూర్చున్నాను. జ్వరం రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలా, త్వరగా వస్తే వైద్యం చేస్తారని ఎదురుచూడాలా? ఆ పిల్ల నన్ను అదే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సాయంత్రానికి చలి, వణుకు మొదలయ్యాకే ఆస్పత్రిలో చేర్చుకున్నారు.

2022 నుంచి టెక్సస్‌లో గర్భస్రావం చేసిన డాక్టరుకి యావజ్జీవ శిక్ష దాకా పడొచ్చు. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మినహాయింపు ఉంది కానీ, ఎంత ముప్పు వస్తే చాలో తేలక డాక్టర్లు వెనకాడారు. ప్రమాదం ముంచుకొచ్చేదాకా ఆగక్కర్లేదని స్పష్టం చేస్తూ 2025లో మరో చట్టం తెచ్చారు. మంచిదే. కానీ రెండో బిడ్డని కనాలనుకుంటున్న ఆ అమ్మాయిని, ఆ చట్టం ఆచరణలో ఎలా ఉంటుందో నీ ఒంటి మీదే చూసుకో అని నేను చెప్పలేను.

పైగా ఆమె భర్తది ఇంకా హెచ్1బి ఉద్యోగ వీసానే. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉన్నంతకాలం మనవాళ్ళ వరస కదలదు. పన్ను కడతాడు, ఓటు లేదు. నచ్చని చట్టాన్ని మార్చుకునే దారి లేనివాడు ఊరు మారితే అది పిరికితనం ఎలా అవుతుంది?

నేను మాత్రం డాలస్ పక్కనున్న ఈ ఫ్రిస్కో వదలను. 2000లో 33 వేలమంది ఉన్న ఊరు 2020కి రెండు లక్షలు దాటింది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, పిల్లల స్నేహితులు ఉన్నారు, గోంగూర దొరకని రోజు లేదు. నేను ఓటేసే పార్టీ మా కొలిన్ కౌంటీలో ఓడిపోతూనే ఉంటుంది. అయినా నా పక్కింటి ఆయన, ట్రంప్ బోర్డు పెట్టినాయనే, మంచు తుఫానులో మా పైపులు పగిలితే వచ్చి నీళ్ళు ఆపేశాడు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా మరిదిది సరిగ్గా తిరగేసిన కథ. ఆయన రిపబ్లికన్. అక్కడి తెలుగు విందుల్లో నోరు విప్పితే వింతగా చూస్తారని బాధపడతాడు. అదీ తప్పే. పన్నుల మాటా వేదిక మీద చెప్పినంత సులువు కాదు. ఇక్కడ జీతం మీద రాష్ట్రం ఆదాయపు పన్ను వెయ్యదు కానీ, అలా మిగిలిందాంట్లో చాలా భాగం ఇంటి పన్నుకి పోతుంది. కాలిఫోర్నియాలో 1978 నుంచి ఇంటి పన్ను మదింపు ఏడాదికి రెండు శాతం మించి పెరగదు. ఆ దంపతులు వెళ్తున్న సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో కూడా మనలాంటివాళ్ళ జీతాల మీద రాష్ట్రం ఆదాయపు పన్ను వెయ్యదు.

పార్టీని బట్టి మనిషిని చూసే ఈ అలవాటు మనం ఊరి నుంచే తెచ్చుకున్నాం. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఒక్కో పార్టీకి ఒక్కో టీ కొట్టు. అయినా మా తాతయ్య పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఇద్దరు అవతలి పార్టీవాళ్ళే. అన్ని ఊళ్ళూ అలా లేవు. 2019లో రాజకీయ గొడవలతో పల్నాడు ఊళ్ళు వదిలొచ్చిన కుటుంబాలు గుంటూరు శిబిరంలో పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చోవడం ఇక్కడ మనమంతా టీవీల్లో చూశాం. ఏ పార్టీవాళ్ళన్నది వదిలెయ్యండి. ఉన్న ఊరు వదిలి వచ్చిన మనిషిని చూస్తే మనకి నవ్వు రావాలా?

కార్యవర్గానికి నా విన్నపం. రేపు ఉగాదికి కొత్తవాళ్ళని తప్పకుండా పిలవండి, కానీ ఏ రాష్ట్రం గొప్పదో వేదిక మీద తేల్చకండి. ఆ సమయం మన ఆడపిల్లలకివ్వండి. మన సంఘంలోనే ఇంతమంది గైనకాలజిస్టులు ఉన్నారు కదా, కడుపుతో ఉన్నప్పుడు ఏ లక్షణం కనిపిస్తే ఆగకూడదో, ఆస్పత్రిలో ఏమని అడగాలో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళ చేత తెలుగులో చెప్పించండి. పౌరసత్వం వచ్చినవాళ్ళ కోసం ఓటరు నమోదు బల్ల ఒకటి వెయ్యండి. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌తో పాటైతే తప్ప ఆన్‌లైన్‌లో నమోదయ్యే వీలు ఇక్కడ లేదు, కాగితం నింపి ఎన్నికకి 30 రోజుల ముందే పంపాలి. మే నెలలో సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలున్నాయి. ఆ కాగితాలు పంచడానికి నేను పొద్దున్నే వస్తాను. ఇంకో ఇద్దరు తోడొస్తే చాలు.